మీటరు చూపిస్తాం, దారి ఎందుకు చెప్పాలి?

(ఒరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బొరోలో తెలుగువారి సమావేశంలో ఒక రోడ్డు ఇంజనీరు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం. చివర సభికుల ప్రశ్నలు, సమాధానాలు ఉన్నాయి.)

పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

హాలు బయట నిలిపిన కార్లలో ఎలక్ట్రిక్ కార్లే ఎక్కువ కనిపించాయి. కాబట్టి ఇవాళ్టి విషయం మీలో చాలామంది ఇంటి ఖర్చుకు సంబంధించినదే. 2025లో మన ఒరెగాన్ శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై, ఎలక్ట్రిక్ కార్లు తిరిగిన ప్రతి మైలుకూ రోడ్డు రుసుము కట్టాలని చట్టం చేసింది. 2027 నుంచి అది దశలవారీగా అమల్లోకి రావలసి ఉంది. అప్పటి నుంచి మనవాళ్ల మధ్య రెండు రకాల మాటలు వింటున్నాను. "కాలుష్యం లేని కారు కొనుక్కున్నందుకు శిక్షా?" అన్నది ఒకటి. "కారులో పెట్టె బిగించి మనం ఎక్కడెక్కడికి వెళ్తున్నామో చూస్తారట" అన్నది రెండోది.

మొదటి మాటతో నేను ఏకీభవించను. రెండో మాటను మాత్రం చాలా గట్టిగా పట్టించుకోవాలంటాను. రెండూ కలిసి ఒకే గొడవగా మారడం వల్ల అసలు అడగవలసింది ఎవరూ అడగడం లేదు. అందుకే వాటిని విడదీసి మాట్లాడతాను.

ముందు రోడ్డు సంగతి. వాన కురిసే రాత్రి ఫ్రీవే మీద వెళ్తుంటే, చక్రాలు నడిచే రెండు చారల్లో నీళ్లు నిలిచి కారు కాస్త తేలినట్టు అనిపించడం మీ అందరికీ అనుభవమే. అవి గుంతలు కావు, చక్రాలు అరగదీసిన గాడులు. మన రాష్ట్రంలో నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు మంచు కోసమని మేకుల టైర్లు వాడనిస్తారు. మంచు లేని రోజున ఆ మేకులు తారునూ కాంక్రీటునూ ఒకే తీరుగా గీరేస్తాయి. అరిగిన పై పొరను సమయానికి చెక్కేసి కొత్త పొర వేస్తే రోడ్డు ఇంకొన్నేళ్లు నిలుస్తుంది. వాయిదా వేశామా, పగుళ్లలోంచి నీరు దిగి అడుగున ఉన్న కంకర వదులవుతుంది. ఆ తరువాత పై పొరలతో పని జరగదు, మొత్తం తవ్వి మళ్లీ వేసుకోవలసిందే. ఆ ఖర్చు ఎన్నో రెట్లు ఉంటుంది. డబ్బు లేదని ఈ ఏడు మిగుల్చుకున్నదానికి రేపు అంతకంతా చెల్లించే పరిస్థితిని నా ఉద్యోగంలో మళ్లీ మళ్లీ చూశాను. చూసిన ప్రతిసారీ బాధ కలిగింది.

ఈ డబ్బు ఇంతకాలం ప్రధానంగా ఇంధన పన్ను నుంచి వచ్చింది. అమెరికాలో ఆ పన్నుకు పుట్టినిల్లు మన ఒరెగానే. 1919లో గ్యాలన్‌కు ఒక సెంటు చొప్పున ఇక్కడ మొదలైంది. పదేళ్లు తిరిగేసరికి అన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. 1932లో కేంద్ర ప్రభుత్వం కూడా ఒక సెంటు వేసింది.

ఆ పన్నును కనిపెట్టినవారి తెలివిని మెచ్చుకోవాలి. ఎక్కువ తిరిగినవాడు ఎక్కువ పెట్రోలు పోయించుకుంటాడు, ఎక్కువ కడతాడు. బరువైన బండి ఎక్కువ తాగుతుంది, ఎక్కువ కడుతుంది. ప్రభుత్వం లక్షల మంది వాహనదారుల వెంట పడనక్కరలేదు. టోకు వ్యాపారుల దగ్గరే వసూలు చేసుకుంటే చాలు, వసూలుకు పెద్ద ఖర్చూ ఉండదు. వీటన్నిటికన్నా ముఖ్యమైన గుణం మరొకటి ఉంది. ఆ పన్ను మనల్ని ఏ ప్రశ్నా వేయలేదు. నోటిచ్చి ట్యాంకు నింపించుకున్న మనిషి పేరు కూడా ప్రభుత్వానికి తెలియదు. నూరేళ్లకు పైగా ఈ దేశంలో బంకులో ఇంధన పన్ను కట్టిన కారు యజమానుల్లో ఒక్కరికి కూడా తాము ఎక్కడికి వెళ్లారో చెప్పవలసిన అవసరం రాలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత దీని మీదే మాట్లాడతాను.

ఆ పన్ను ఇప్పుడు రెండు వైపుల నుంచీ అరిగిపోతోంది. కేంద్రం వేసే పన్ను గ్యాలన్‌కు 18.4 సెంట్లు. 1993 నుంచి అది ఒక్క సెంటు కూడా పెరగలేదు. అప్పటి విలువలో సగానికి పైగా ధరల పెరుగుదలలోనే కరిగిపోయింది. 1956లో పెట్టిన హైవే నిధి తన కాళ్ల మీద తాను నిలబడలేక, 2008 నుంచి సాధారణ ఖజానా నుంచి తెచ్చుకుంటూ నడుస్తోంది. రెండో వైపున కార్లు తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం నడవడం నేర్చుకున్నాయి. ఎలక్ట్రిక్ కారుకైతే పెట్రోలు బంకుతో పనే లేదు.

చిన్న లెక్క చూద్దాం. ఒరెగాన్ ఇంధన పన్ను గ్యాలన్‌కు 40 సెంట్లు అనుకోండి. 2024 నుంచి ఉన్న రేటు ఇది. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే నలుగురిని తీసుకుందాం. గ్యాలన్‌కు 15 మైళ్లు ఇచ్చే పాత పికప్ ట్రక్కు ఉన్నవారు 800 గ్యాలన్లు పోయించుకుని 320 డాలర్లు కడతారు. 20 మైళ్ల కారు ఉన్నవారు 240 డాలర్లు. 50 మైళ్ల హైబ్రిడ్ ఉన్నవారు 96 డాలర్లు. ఎలక్ట్రిక్ కారు ఉన్నవారు ఇంధన పన్ను రూపంలో ఏమీ కట్టరు. నాలుగు కార్లూ వాడింది అదే రోడ్డు, అదే దూరం. ఎలక్ట్రిక్ కార్ల రిజిస్ట్రేషన్‌కు రాష్ట్రం అదనపు రుసుము తీసుకుంటుందన్న మాట నిజమే. కానీ ఏడాదికి మూడు వేల మైళ్లు తిరిగిన పెద్దాయనా ముప్పై వేల మైళ్లు తిరిగిన కుర్రవాడూ ఒకే మొత్తం కట్టడం న్యాయం అనిపించుకోదు.

ఇప్పుడు మైలుకు 2 సెంట్లు వేస్తే నలుగురూ 240 డాలర్లే కడతారు. ఆ రేటు గాలిలోంచి రాలేదు. గ్యాలన్ పన్నులో 20వ వంతు, అంటే 20 మైళ్లిచ్చే కారుకు సరిపోయేలా లెక్కగట్టినది. అందుకే "శిక్ష" అన్న మాట నాకు నచ్చదు. పికప్ ట్రక్కులో పొలం పనికి వెళ్లేవాడు ఇన్నాళ్లూ మన వాటా కూడా మోశాడు. ఆ ట్రక్కు కొత్త కారు కొనలేనివాడిది. మనం చిప్ కంపెనీల్లో మంచి జీతాలు తీసుకుంటున్నవాళ్లం. మన వాటా మనం కట్టడంలో తప్పేమీ లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఎలక్ట్రిక్ కారు తరఫున మాట్లాడాలి. బ్యాటరీ బరువు వల్ల ఆ కార్లు రోడ్లను పాడు చేస్తున్నాయని పత్రికల్లో రాస్తుంటారు. 1958 నుంచి 1960 వరకు ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద పగలూ రాత్రీ బరువు బండ్లను నడిపి చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు అవుతుందని ఆ పరీక్షల నుంచి తేలింది. ఆ లెక్కన ఒక నిండు లారీ ముందు ఏ కారైనా లెక్కలోకి రాదు. ఎలక్ట్రిక్ కారు చేసే అదనపు నష్టం ఆ లారీ చేసేదానిలో కనిపించదు కూడా. ఎలక్ట్రిక్ కార్లు తమ వాటా కట్టాలనడానికి కారణం అవి రోడ్డును వాడుకోవడం. రోడ్డును పాడు చేస్తున్నాయన్న ఆరోపణను దానికి తగిలించడం సరికాదు.

మైలు లెక్కన పన్ను కూడా ఈ రాష్ట్రానికి కొత్త కాదు. 26,000 పౌండ్లు దాటిన లారీలు ఇక్కడ దశాబ్దాలుగా బరువునూ మైళ్లనూ బట్టి కడుతూనే ఉన్నాయి. కార్లకు కూడా అది పెట్టవచ్చా అని ఆలోచించడానికి 2001లో శాసనసభ ఒక సంఘాన్ని వేసింది. 2006, 2007 సంవత్సరాల్లో పోర్ట్‌లాండ్‌లో మొదటి ప్రయోగం జరిగింది. సుమారు 285 కార్లకు జీపీఎస్ ఉన్న పరికరాలు బిగించారు. ఆ కారు బంకుకు వచ్చినప్పుడు పంపు దాని నుంచి మైళ్ల లెక్క తీసుకుని, ఇంధన పన్ను తీసేసి, మైలు రుసుము బిల్లులో కలిపేది.

ఆ పరికరం లోపల ఏం జరిగేదో మీరు గమనించాలి. కారు రాష్ట్రం లోపల ఉందా, బయట ఉందా, రద్దీ సమయమా కాదా అని చూసుకోవడానికే అది జీపీఎస్‌ను వాడింది. ఏ ప్రాంతంలో ఎన్ని మైళ్లు అన్న మొత్తాలు మాత్రమే కూడుకుంది. ఏ వీధి, ఏ గంట అన్నది బయటికి పంపలేదు, దాచుకోనూ లేదు. అంటే ఇరవై ఏళ్ల క్రితమే, ఇప్పటి ఫోను ముందు వెలవెలబోయే పరికరాలతోనే, దారి చెప్పకుండా దూరం చెప్పడం సాధ్యమని మన రాష్ట్రమే చేసి చూపించింది.

అయినా జనం భయపడ్డారు. జీపీఎస్ అన్న మాట వినగానే ఆ పెట్టె వద్దన్నారు. ఆ భయాన్ని ఒరెగాన్ అధికారులు కొట్టిపారేయలేదు. ప్రభుత్వమే ఒక పెట్టెను అందరికీ తప్పనిసరి చేయడం కుదరదని గ్రహించి, 2012లో మొదలైన రెండో ప్రయోగంలో జీపీఎస్ లేని పద్ధతిని కూడా ఇచ్చారు. 2013లో చట్టం వచ్చింది. 2015 జులై 1న "ఒరెగో" పథకం మొదలైంది. ఇష్టపడి చేరేవారికే, మైలుకు 1.5 సెంట్లు, 5,000 కార్ల వరకు అనుమతి. చేరినవారి సంఖ్య తొలి ఏళ్లలో ఆ పరిమితి దరిదాపులకు కూడా రాలేదు. తరువాత 2020లో యూటా, 2022లో వర్జీనియా ఇలాంటి పథకాలు పెట్టాయి.

ఇక పరికరం గురించి. మీ స్టీరింగు కింద, ఎడమ మోకాలికి కాస్త పైన చెయ్యి పెట్టి చూస్తే, పైన వెడల్పుగా కింద ఇరుకుగా ఉండే ఒక రంధ్రాల పెట్టె తగులుతుంది. పదహారు గడులు ఉంటాయి. 1996 నుంచి ఈ దేశంలో అమ్మే పెట్రోలు కార్లన్నిటికీ అది ఉంటుంది. మెకానిక్ తన యంత్రం తగిలించి ఇంజను లోపం చదివేది దాని నుంచే. మైలు పన్ను పరికరం అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, అక్కడే గుచ్చుకుంటుంది. ఇంజనులోకి వెళ్లే గాలినీ చక్రాల వేగాన్నీ చదివి, ఎంత దూరం నడిచారో, ఎంత ఇంధనం కాలిందో లెక్కగడుతుంది. ఫోనులో ఉన్నలాంటి సిమ్ దానిలోనూ ఉంటుంది, ఆ లెక్కను పంపేస్తుంది. జీపీఎస్ రకం అయితే స్థానం కూడా పంపుతుంది. కొన్ని ఎలక్ట్రిక్ కార్లకు ఆ రంధ్రాల పెట్టె ఉండదు, కారు కంపెనీ సర్వరు నుంచే లెక్క తీసుకోవాలి. ఈ లెక్కలన్నీ చూసేది నేరుగా ప్రభుత్వం కాదు. ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న ప్రైవేటు సంస్థలు మనకు ఖాతా తెరిచి బిల్లు పంపుతాయి.

మన చట్టంలో మంచి రక్షణలు ఉన్నాయని ఒప్పుకోవాలి. పౌరహక్కుల సంఘంవారు కూర్చుని రాయించినవి అవి. చెల్లింపు పూర్తయ్యాక స్థాన వివరాలను 30 రోజుల్లో చెరిపేయాలి. పోలీసులకు కావాలంటే, తగిన ఆధారం చూపి న్యాయస్థానం ఆదేశం తెచ్చుకోవాలి. దేశంలో చాలా చోట్ల ఈపాటి రక్షణ కూడా లేదు.

మరి నా అభ్యంతరం ఏమిటి? ఇంట్లో కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషి అంకె రాసుకుని వెళ్తాడు. ఏ గదిలో ఎన్ని గంటలకు దీపం వెలిగించావని అడగడు. అడిగితే మనం ఊరుకోం. "ముప్పై రోజుల తరువాత మరిచిపోతానులెండి" అన్నా ఊరుకోం. బిల్లు వేయడానికి అక్కరలేని సంగతి అడగడమే తప్పు. అడిగిన తరువాత దాన్ని ఎంత జాగ్రత్తగా దాస్తారన్నది రెండో మాట.

దారి తెలిస్తే ఏం తెలుస్తుందో ఒక్కసారి ఆలోచించండి. వీసా గడువు దగ్గర పడిన కుర్రవాడు ఏ ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్లాడో తెలుస్తుంది. ఏ మసీదుకు, ఏ గుడికి, ఏ చర్చికి వెళ్తారో తెలుస్తుంది. ఉద్యోగంలో ఉంటూనే పోటీ కంపెనీ ఆవరణలో రెండు గంటలు కారు నిలిపినవారు తెలుస్తారు. క్యాన్సరు ఆసుపత్రికి వారం వారం వెళ్లేవారు తెలుస్తారు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేని సంగతులు ఇవి.

ఇంట్లోవాళ్ల మాట వచ్చింది కాబట్టి, సభల్లో ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఎత్తుతాను. మన ఇళ్లలో కారు, ఖాతా, పాస్‌వర్డు తరచూ ఒకే మనిషి పేరిట ఉంటాయి. భర్త పేరిట ఖాతా ఉండి, భార్య వాడే కారు ప్రయాణాల పటం ఆయన తెర మీద కనిపించే ఏర్పాటు ఉంటే, ఆమె స్నేహితురాలి ఇంటికి వెళ్లినా, సహాయ కేంద్రానికి వెళ్లినా ఆయనకు తెలిసిపోతుంది. డ్రైవింగు నేర్చుకుని తన కాళ్ల మీద తాను తిరగగలగడం ఈ దేశానికి వచ్చిన మన ఆడపిల్లలకు ఎంత పెద్ద స్వేచ్ఛో నాకు తెలుసు. పన్ను పేరుతో ఆ స్వేచ్ఛకు కాపలా పెట్టకూడదు. ప్రభుత్వం నిఘా గురించి మాట్లాడేవారు ఇంటి లోపలి నిఘాను మరిచిపోతున్నారు.

"ఎవరూ దుర్వినియోగం చేయరు" అంటారా? 2024లో ఏం జరిగిందో చూడండి. జనరల్ మోటార్స్ తన కార్లు ఎంత వేగంగా వెళ్తున్నాయో, ఎక్కడ గట్టిగా బ్రేకు వేస్తున్నాయో అన్న వివరాలను సమాచార వ్యాపార సంస్థలకు అందించిందనీ, అవి బీమా కంపెనీలకు చేరాయనీ పత్రికల్లో వచ్చింది. చాలామంది యజమానులకు ఆ సంగతే తెలియదు. 2025 జనవరిలో వినియోగదారుల రక్షణ చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది. ఒక చోట పోగుపడిన సమాచారానికి కొనేవాడు తప్పక దొరుకుతాడు.

అత్యున్నత న్యాయస్థానం కూడా ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడింది. ఒక అనుమానితుడి జీపుకు పోలీసులు జీపీఎస్ పరికరం తగిలించి 28 రోజులు వెంటాడిన కేసులో, అది రాజ్యాంగం చెప్పే సోదా కిందికే వస్తుందని 2012లో తొమ్మిది మందీ ఏకగ్రీవంగా తేల్చారు. ఫోను కంపెనీ దగ్గరున్న స్థాన వివరాలకు కూడా వారెంటు కావాలని 2018లో తీర్పు వచ్చింది. మాదకద్రవ్యాల వ్యాపారం చేస్తున్నాడన్న అనుమానం ఉన్నవాడి కారుకే ఆధారం లేకుండా పరికరం పెట్టకూడదంటే, పన్ను సక్రమంగా కట్టే గృహస్థు కారుకు పెట్టాలనడం ఏ న్యాయం?

ఇప్పుడు అవతలివారి వాదనలో బలమైనదాన్ని చెప్పాలి, దాటవేయకూడదు. కొలంబియా నదికి అవతల వాషింగ్టన్ రాష్ట్రపు వాంకూవర్ ఉంది. ఇక్కడ ఇల్లు, అక్కడ ఉద్యోగం ఉన్నవారు వేలల్లో ఉన్నారు. వంతెన దాటాక నడిచిన మైళ్లకు ఒరెగాన్ పన్ను ఎందుకు కట్టాలి? ఓడోమీటరుకు, అంటే కారులో తిరిగిన దూరం చూపే మీటరుకు, మొత్తం మైళ్లే తెలుసు, ఏ రాష్ట్రంలో అన్నది తెలియదు. జీపీఎస్ ఉంటే బయటి మైళ్లు తీసేస్తారు. సొంత పొలంలో తిప్పుకున్న మైళ్లు కూడా తీసేస్తారు. ఇది నిజమైన ఇబ్బంది.

దీనికి నా జవాబు ఇది. బయటి మైళ్ల మినహాయింపు కోరుకునేవారు జీపీఎస్ ఎంచుకోవచ్చు, కానీ ఆ పరికరం 2006లో చేసినట్టే లెక్క కారులోనే కట్టి, మొత్తాలు మాత్రమే పంపాలి. వద్దనుకునేవారికి ఓడోమీటరే ఆధారం కావాలి. సరిహద్దు ప్రాంతాల్లో ఉండేవారికి వారి ఉద్యోగ స్థలాన్ని బట్టి ఒక సగటు మినహాయింపు ఇవ్వవచ్చు. సగటు అంటే ఒకరికి పది డాలర్లు ఎక్కువా మరొకరికి పది తక్కువా కావచ్చు. ఆ మాత్రం తేడా భరించవచ్చు. పది డాలర్ల కచ్చితత్వం కోసం లక్షల మంది దారులు నమోదు చేయడం న్యాయం కాదు.

ఏడాదికి ఒక స్థిర రుసుము కట్టేసి లెక్క నుంచి తప్పుకునే వెసులుబాటు కూడా ఉంది. మంచిదే. కానీ తక్కువ తిరిగేవారికి అది నష్టం. పెద్దవాళ్లు, ఇంటి నుంచి పని చేసేవారు తమ ఏకాంతాన్ని కాపాడుకోవడానికి అదనంగా చెల్లించవలసి వస్తుంది. దారి చెప్పనివారూ చెప్పేవారూ ఒకే రేటు కట్టేలా ఉండాలి.

ఇది సాధ్యమేనా అని సందేహపడేవారికి న్యూజీలాండ్‌ను చూపిస్తాను. అక్కడ డీజిల్ కార్లు 1978 నుంచి దూరం లెక్కనే రోడ్డు రుసుము కడుతున్నాయి. వెయ్యి కిలోమీటర్ల చొప్పున ముందే కొనుక్కోవాలి. ఎంతవరకు కొన్నారో తెలిపే చీటీ అద్దానికి అంటించుకోవాలి. వాహన తనిఖీలో ఓడోమీటరు అంకె ఎలాగూ నమోదవుతుంది కాబట్టి మోసం నిలవదు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రిక్ కార్లను కూడా అందులో చేర్చారు, వెయ్యి కిలోమీటర్లకు 76 న్యూజీలాండ్ డాలర్లు. మామూలు కారుకు జీపీఎస్ తప్పనిసరి కాదు. ఐస్‌లాండ్ 2024 జనవరిలో ఎలక్ట్రిక్ కార్లకు కిలోమీటరు రుసుము పెట్టింది. యజమానులే తమ ఓడోమీటరు అంకె ఇంటర్నెట్‌లో నమోదు చేస్తారు. మన దేశంలోనే హవాయి రాష్ట్రం ఏటా జరిగే వాహన తనిఖీలో చూసిన అంకెతోనే పని కానిస్తోంది. 2025 చివర్లో బ్రిటన్ ప్రభుత్వం, 2028 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకు మైలుకు 3 పెన్నీలు వేస్తామని ప్రకటిస్తూ, ట్రాకర్లు ఉండవని చెప్పింది. అదే బ్రిటన్‌లో 2007లో రోడ్డు రుసుముకు వ్యతిరేకంగా పద్దెనిమిది లక్షల మంది సంతకాలు చేశారు. ఆ అనుభవం వృథా పోలేదనుకుంటాను.

స్థానం తప్పనిసరిగా తెలియవలసిన చోట కూడా గీత గీయవచ్చు. జర్మనీలో 2005 జనవరి 1 నుంచి లారీలకు ఉపగ్రహాల సాయంతో హైవే టోల్ వసూలు చేస్తున్నారు. ఆ సమాచారాన్ని టోల్‌కు తప్ప మరిదేనికీ వాడరాదని చట్టంలోనే రాసుకున్నారు. హత్య కేసుల దర్యాప్తు కోసం దాన్ని తెరవమని ఒత్తిడి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి ఒత్తిడి ఇక్కడా వస్తుంది. అది కూడా చాలా మంచి కారణంతోనే వస్తుంది. అందుకే సమాచారాన్ని పోగు చేయకపోవడమే అన్నిటికన్నా నమ్మకమైన తాళం.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక మీ ప్రశ్నలు.

*ఒక సభికుడు: ఓడోమీటరు అంకె మనమే పంపితే జనం తక్కువ చూపించరా?*

కొందరు చూపిస్తారు. కానీ ఎంతకాలం? కారు అమ్మేటప్పుడు యాజమాన్య పత్రం మీద ఓడోమీటరు అంకె రాసి సంతకం చేయాలి. దాచిన మైళ్లన్నీ ఆ రోజు బయటపడతాయి, ఒకేసారి కట్టవలసి వస్తుంది. మీటరు వెనక్కి తిప్పడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఒరెగాన్‌లో ఏటా వాహన తనిఖీ లేదు కాబట్టి ఇక్కడ ఫొటో పద్ధతి కావాలి. వాషింగ్టన్ రాష్ట్రం తన ప్రయోగంలో ఫోనుతో మీటరు ఫొటో తీసి పంపే పద్ధతిని కూడా పరీక్షించింది. ఇంకో మాట, పెట్టె పెట్టినా మోసం ఆగదు. గుచ్చినదాన్ని పీకేయడానికి క్షణం పట్టదు.

*ఒక సభికురాలు: మన ఫోన్లు ఎలాగూ మనల్ని వెంటాడుతున్నాయి కదండీ. కొత్తగా పోయేదేముంది?*

ఫోను ఇంట్లో పెట్టి వెళ్లవచ్చమ్మా, లొకేషన్ ఆపేయవచ్చు, కంపెనీ మార్చవచ్చు. పన్నులో ఆ వీలు లేదు. కట్టకపోతే జరిమానా ఉంటుంది. ఇష్టపడి ఇచ్చినదానికీ చట్టం బలంతో తీసుకున్నదానికీ పోలిక లేదు. ఒక చోట ఏకాంతం పోయిందని మిగిలిన చోట్ల కూడా వదులుకోవాలా?

*మరొక సభికుడు: చార్జింగు మీదే పన్ను వేస్తే సరిపోదా?*

కొన్ని రాష్ట్రాలు బయటి చార్జింగు కేంద్రాల్లో యూనిట్ లెక్కన వేస్తున్నాయి. అయితే మనలో ఎక్కువమంది గ్యారేజీలోనే చార్జింగు పెట్టుకుంటారు. ఇంటి కరెంటులో కారుకు ఎంత పోయిందో విడిగా తెలియదు. అలా వేస్తే, అపార్ట్‌మెంట్‌లో ఉంటూ బయట చార్జింగు పెట్టుకునే కుర్రవాడు ఒక్కడే పన్ను కడతాడు, సొంత ఇల్లున్నవాళ్లం తప్పించుకుంటాం.

*ఒక పెద్దాయన: మన దేశంలో కూడా ఉపగ్రహ టోల్ వస్తుందంటున్నారు. అక్కడ పరిస్థితి ఏమిటి?*

2024 సెప్టెంబరులో భారత ప్రభుత్వం జాతీయ రహదారుల రుసుము నిబంధనలను సవరించిందండీ. ఉపగ్రహ పరికరం ఉన్న వాహనానికి రోజుకు మొదటి 20 కిలోమీటర్లు ఉచితం, ఆపైన నడిచిన దూరానికి టోల్. బెంగళూరు, మైసూరు రహదారి మీద ప్రయోగం కూడా చేశారు. 2025 మే నుంచి దేశమంతా మొదలవుతుందని ప్రచారం జరిగితే, అలాంటి నిర్ణయం లేదని మంత్రిత్వ శాఖే ప్రకటించింది. ప్రస్తుతానికి ఫాస్టాగ్ నడుస్తోంది. అయితే ఫాస్టాగ్‌కు తెలిసేది మీరు ఒక టోల్ గేటు దాటారని మాత్రమే. ఉపగ్రహ పరికరం ఎప్పుడూ వెలిగే ఉంటుంది, గేటు లేని చోట కూడా చూస్తుంది. అక్కడ 2017లోనే సుప్రీంకోర్టు ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే మనిషికి టోల్ ఎంత అన్నది పరికరం లోపలే లెక్క కట్టవచ్చు. అక్కడ కూడా ఇప్పుడే, పరికరాలు రాకముందే, ఈ మాట అడగాలి.

*మొదటి సభికుడు: మరి మేం ఏం చేయాలి?*

చట్టం వచ్చాక రవాణా శాఖ నిబంధనలు రాస్తుంది, ప్రజల అభిప్రాయాలు తీసుకుంటుంది. అసలు వివరాలు తేలేది అక్కడే. మీరు రాసేటప్పుడు మైలు పన్ను వద్దని రాయకండి, అది రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఓడోమీటరు పద్ధతి ఉండాలనీ, దానికి రేటు పెంచకూడదనీ, జీపీఎస్ లెక్క కారు దాటి బయటికి రాకూడదనీ, ప్రయాణాల పటం ఖాతాదారుకు కూడా కనిపించకూడదనీ రాయండి. మీ కారు ఏడాదికి ఎంత తిరుగుతుందో, నదికి అవతల ఎంత తిరుగుతుందో ఆ అంకెలు జత చేయండి. ఇంజనీర్లు అంకెలను చదువుతారు. వీసా మీద ఉన్నవారు కూడా నిశ్చింతగా రాయవచ్చు. నిబంధనల మీద అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వం అవసరం లేదు. కావాలంటే నమూనా ఉత్తరం రాయడానికి నేను సాయం చేస్తాను. తలుపు దగ్గరున్న కాగితం మీద పేరు రాసి వెళ్లండి.